సాయంత్రానికి రెప్ప వాలుతుంటే ముందు ఫోటో తీసి పెట్టుకోండి

'మా అమ్మకి సాయంత్రమయ్యేసరికి ఎడమ రెప్ప వాలిపోతోంది, పొద్దునకి మామూలే, ఇది పక్షవాతమా' అని ఒకరు అడిగారు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకుండా రోజూ పొద్దుగూకేసరికే వాలుతుంటే మాత్రం నాకు మా అమ్మే గుర్తొస్తుంది.

మాది ఆదోని. అమ్మ జొన్నరొట్టె సగం తిని, గడ్డం కింద చెయ్యి ఆనించుకుని, 'దవడ లాగేస్తోందిరా' అనేది. పళ్లు పాడయ్యాయనుకున్నాం. సూది రెండుగా కనిపిస్తోందంటే అద్దాలు మార్పించాం. పిన్ని దిష్టి తీసింది. తెల్లవారుజామున బస్సెక్కి కర్నూలు పోతే, దారంతా నిద్రపోయి, పది గంటలకు డాక్టరు ముందు కళ్లు ఇంతింత చేసుకుని కూర్చునేది! 'బాగానే ఉన్నావు కదమ్మా' అని రెండుసార్లు పంపించేశారు. ఇలాంటి జబ్బులకి సాయంత్రం ఓపీ పెట్టాలని ఎవరికీ తట్టదు.

మూడోసారి వేరే న్యూరాలజీ డాక్టరుకు చెల్లెలు రాత్రి ఎనిమిదికి తీసిన ఫోటో చూపించింది. ఆయన అమ్మని తల కదపకుండా పైకి ఫ్యాను వంక చూస్తూ ఉండమన్నారు. కాసేపటికే రెప్ప మెల్లగా జారింది. గుడ్డలో ఐసుముక్క చుట్టి రెండు నిమిషాలు ఆ కంటిమీద పెట్టి తీస్తే, లేచింది. 'ఐసుకు పోయే రోగానికా ఇన్ని నెలలు తిరిగింది' అంది అమ్మ.

పేరు మయస్థీనియా గ్రేవిస్. నరం పంపే కబురును కండరం అందుకునే చోట మన ఒంట్లోని యాంటీబాడీలే అడ్డం పడతాయి. రక్తపరీక్షలు చేశారు, థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమోనని ఛాతీకి సీటీ తీశారు. పైరిడోస్టిగ్మిన్ మాత్ర మూడు నాలుగు గంటలే పనిచేస్తుంది, అందుకే నమిలే వేళకి బలం ఉండేలా అన్నానికి అరగంట ముందు వేస్తాం. ఎండాకాలం ఎక్కువ అలసట. మధ్యాహ్నం నిద్ర సగం మందని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే.

అసలు నా కోపం మెడికల్ షాపుల మీద. జ్వరమంటే షాపతను చీటీ లేకుండానే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు. ఈ జబ్బున్నవాళ్లకి అది ప్రమాదమని మాకూ తెలియదు. రెండో రోజుకి తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి, ఊపిరి అందలేదు. ఐదు రోజులు ఐసీయూ. జెంటామైసిన్, అజిత్రోమైసిన్ కూడా డాక్టరును అడగకుండా వద్దన్నారు. ఆ పేర్లన్నీ తెలుగులో రాసి అమ్మ ఫోను వెనక అతికించాను. ఇప్పుడు ఆ షాపతను తలనొప్పి మాత్రకి కూడా 'అన్నా, చీటీ ఉందా' అంటాడు.