కెండో (జపాన్ కత్తిసాము) క్లబ్బులో కొత్తగా చేరాలంటే ముందే ఏమేం కొనాలి?

దాదాపు ఏమీ కొనక్కర్లేదు. ముందు ఒకరోజు వెళ్లి క్లాసు చూడండి, నచ్చితే వదులుగా ఉండే ట్రాక్ ప్యాంటు, టీషర్టుతో చేరిపోవచ్చు, బూట్లతో పనిలేదు, సాధన అంతా ఒట్టి కాళ్లతోనే. షినాయ్ అంటే నాలుగు వెదురు బద్దల కత్తి, చాలా క్లబ్బులు మొదట్లో వాళ్లదే ఇస్తాయి. సొంతంగా కొంటే మాత్రం ప్రతిసారీ వాడేముందు బద్దలు చీలాయేమో చూసుకోవాలి, ఆ పుల్ల ఎదుటివాళ్ల కంట్లో పడితే ప్రమాదం.

బోగు, అంటే తల, ఛాతీ, నడుము, చేతుల కవచం, ఖరీదైనది. ఇప్పుడే కొనకండి, ఎలాగూ కొన్ని నెలల దాకా దాన్ని వేసుకోనివ్వరు. ఆ నెలలన్నీ పాదం పూర్తిగా ఎత్తకుండా జారుతూ నడవడం, ఎడమ మడమ కాస్త పైకి ఉంచడం, గాల్లో కత్తి తిప్పడం, ఇదే తంతు. బోర్ కొడుతుంది నిజమే, కానీ చాలామంది కుడిచేత్తో బలంగా బాదేస్తుంటారు, అసలు పని ఎడమచేతిది, ఈ అలవాటు ఇప్పుడు పడకపోతే తర్వాత మార్చుకోవడం నరకం. అరవడానికి సిగ్గుపడొద్దు, పోటీల్లో గట్టిగా కేక లేకుండా కొట్టిన దెబ్బకు పాయింటే ఇవ్వరు. మోకాళ్ల నొప్పులుంటే మొదటిరోజే నేర్పేవాళ్లకు చెప్పేయండి.