మ్యాప్ మీద చుక్క పెట్టే ముందు

అమ్మలూ,

నిన్ను డ్రగ్స్ సీజర్ డేటా, అంటే పట్టుబడిన సరుకు లెక్కలు, చూసే సెక్షన్‌లో వేశారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం వేసింది. ఫోన్ చేద్దామనే అనుకున్నా కానీ ఇవి ఫోన్లో చెప్తే సగం గుర్తుండవు, అందుకే కూర్చుని రాస్తున్నా, వీలున్నప్పుడు నిదానంగా చదువుకో.

మొదటి నెలలోనే మ్యాప్ వెయ్యమంటారు, అందరికీ అదే కావాలి. తొందరపడకు. మ్యాప్ మీద చుక్క ఉందంటే అక్కడ ఎవరో వెతికారు, వాళ్ళకి దొరికింది, అంతవరకే మనకి తెలుసు. స్కానర్లు, కుక్కలు, పని తెలిసిన ఆఫీసర్లు ఉన్న పోర్టు ఎర్రగా కనపడుతుంది, ఎవరూ కంటైనర్ తలుపు తీసి చూడని పోర్టు మచ్చ లేకుండా ఉంటుంది. ఆంట్వెర్ప్‌లో 2023లో 116 టన్నుల కొకైన్ పట్టుకున్నారు, 2024లో 44 టన్నులే. మరి సరుకు తగ్గిందా, పక్క పోర్టులకి మళ్ళిందా, పెద్ద లోడు మానేసి చిన్న మూటల్లో పంపుతున్నారా అంటే ఆ ఒక్క షీట్ పట్టుకుని ఎవరూ చెప్పలేరు, పక్కవాళ్ళ షీట్లు కూడా ముందు పెట్టుకోవాలి. డేటా పంచుకోండి మహాప్రభో అని నేను ఇన్నేళ్ళు మొత్తుకున్నది ఇందుకే.

టైం సంగతి కూడా చూసుకో. అఫ్గానిస్తాన్‌లో 2022 ఏప్రిల్‌లో తాలిబాన్లు నల్లమందు సాగు ఆపమన్నారు, 2,33,000 హెక్టార్ల సాగు 2023కి 10,800కి పడిపోయిందని ఐక్యరాజ్యసమితి సర్వే లెక్క. అయినా ఆ నల్లమందుతో చేసే హెరాయిన్ పట్టుబడుతూనే ఉంది, ఎందుకంటే పొలం ఖాళీ అయినంత మాత్రాన గోడౌన్ ఖాళీ కాదు కదా.

ఇక షీట్. పట్టుకున్న చోటు, ఎక్కించిన చోటు, మధ్యలో ఓడ మారిన చోట్లు, దిగాల్సిన చోటు, ఈ నాలుగూ నాలుగు కాలమ్స్‌లో విడివిడిగా ఉండాలి, అన్నీ కలిపి 'రూట్' అని ఒకే డబ్బాలో కుక్కేస్తే తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు. పక్కన ఇంకో కాలమ్ పెట్టు, ఈ ముక్క మనకెలా తెలిసింది అని: కాగితాల్లో ఉందా, దొరికినవాడు చెప్పాడా, ఆఫీసర్ అంచనానా. 2020లో ఇటలీ సలెర్నో పోర్టులో 14 టన్నుల క్యాప్టగాన్ అనే మత్తు బిళ్ళలు దొరికాయి, పేపర్ రోల్స్ లోపల దాచారు, కంటైనర్లు సిరియాలోని లటాకియా నుంచి వచ్చాయి. తయారు చేసింది ఐసిస్ అని మొదట ప్రకటించేశారు, తర్వాత వేళ్ళన్నీ అప్పటి సిరియా ప్రభుత్వంలోని వాళ్ళ వైపు తిరిగాయి. లటాకియా అన్నది కాగితం చెప్పిన మాట, ఐసిస్ అన్నది మనుషులు అనుకున్న మాట. రెండూ ఒకే గడిలో రాసి ఉంటే ఒకటి తప్పయ్యాక రెండోదాన్నీ నమ్మరు.

యూనిట్ల దగ్గర మహా జాగ్రత్తగా ఉండు. సలెర్నోదే తీసుకో, 8.4 కోట్ల బిళ్ళలు, అంటే ఒక్కోటి 0.17 గ్రాములు కూడా లేదు. ఒక దేశం బిళ్ళల్లో రాస్తుంది, ఇంకోటి కిలోల్లో, ఇంకోటి లీటర్లలో. వచ్చింది వచ్చినట్టే ఉంచి, మార్చిన లెక్క పక్క కాలమ్‌లో రాయి, పాతది చెరపకు. యూరప్‌లో చాలా చోట్ల 1.250 అని రాస్తే వెయ్యిన్నూట యాభై... కాదు, చూశావా, వెయ్యి రెండు వందల యాభై, అంత సులువుగా తప్పు పడుతుంది, వాళ్ళకి చుక్క అంటే మన కామా. నువ్వది కిలోంబావు అనుకుంటే టన్నుంబావు సరుకు షీట్‌లోనే మాయమైపోతుంది.

నా తప్పొకటి చెప్తా, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ఒకసారి మ్యాప్‌లో పశ్చిమ ఆఫ్రికా పక్కన గినీ గల్ఫ్‌లో చుక్కలు గుంపుగా వచ్చాయి. కొకైన్ నిజంగానే ఆ వైపు నుంచి వెళ్తుంది, అందుకే నాకు అనుమానం రాలేదు, సముద్రంలో ఓడ నుంచి ఓడకి మారుస్తున్నారని రిపోర్ట్ రాసి పైకి పంపేశా. రెండు వారాల తర్వాత ఒక జూనియర్ అమ్మాయి వచ్చి సార్ ఈ చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి అంది, జూమ్ చేసి చూస్తే అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా. చోటు తెలియని వరసలకి సాఫ్ట్‌వేర్ సున్నాలు పెట్టేసింది, ఆ రెండు సున్నాలు కలిసే చోటు సరిగ్గా గినీ గల్ఫ్‌లోనే ఉంది. రిపోర్ట్ వెనక్కి తీసుకున్నా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచాలి తల్లీ, సున్నా అంటే వేరే అర్థం.

కంటైనర్ నంబర్ తప్పనిసరిగా తీసుకో, నాలుగు అక్షరాలు ఏడు అంకెలు, చివరి అంకె ముందువాటిని లెక్కగట్టి వచ్చేది, టైపింగ్ తప్పు ఉంటే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. సీల్ నంబర్ కూడా. చాలాసార్లు పోర్టులో సీల్ తెంపి బ్యాగులు లోపల పడేసి దొంగ సీల్ వేస్తారు, సరుకు యజమానికి ఏమీ తెలీదు, కాబట్టి ఎగుమతిదారుడి పేరు చూసి వాడే దొంగ అని గీత గీసెయ్యకు. ఒకే సీజర్‌ని కస్టమ్స్, పోలీస్, కోస్ట్ గార్డ్ ముగ్గురూ పంపిస్తారు, తేదీ, బరువు, కంటైనర్ చూసి ఒక్కటి చెయ్యి.

పంచుకోవడం అంటే ఏడాదికోసారి ఫారం నింపి పంపడం ఒక్కటే సరిపోదు. హెరాయిన్ చెయ్యడానికి వాడే అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ లాంటి కెమికల్స్ కోసం అంతర్జాతీయ నార్కోటిక్స్ కంట్రోల్ బోర్డు 2012 నుంచి పిక్స్ అనే సిస్టమ్ నడుపుతోంది, ఎక్కడ పట్టుబడినా మిగతా దేశాలకి వెంటనే కబురు వెళ్ళేలా. డ్రమ్ము మీద లేబుల్, బ్యాచ్ నంబర్ ఫోటో వెళ్తే అవతలి దేశంలో ఎవరో దాన్ని ఫ్యాక్టరీ దాకా లాగగలరు. హెరాయిన్ బయటికి వచ్చే దారీ ఈ కెమికల్ లోపలికి వెళ్ళే దారీ ఒకే మ్యాప్ మీద వేసి చూడు, ఎదురెదురుగా నడుస్తాయి.

కానీ పంపే ముందు కేసు ఆఫీసర్‌ని అడుగు. 1988 ఐక్యరాజ్యసమితి ఒప్పందం 11వ ఆర్టికల్ ప్రకారం సరుకుని కావాలనే వెళ్ళనిచ్చి వెనకాల మనుషుల్ని పట్టుకుంటారు, ఆ టైంలో నీ చుక్క బయటికి వస్తే నెలల శ్రమ పోతుంది, సమాచారం ఇచ్చినవాడి ప్రాణం మీదకి వస్తుంది. ఇన్ఫార్మర్‌ని గుర్తుపట్టేలా ఒక్క ముక్క కూడా షీట్‌లో ఉండకూడదు, రిమార్క్స్ కాలమ్ మరీ చూడు, అక్కడే జారిపోతాయి.

ముందు పోయినేడాది షీట్‌లో వరసలు తీసి సున్నా సున్నా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టు. ఆదివారం ఫోన్ చెయ్యి, ఎన్నొచ్చాయో నాకు చెప్పు.

నీ మావయ్య