డాక్టర్ సలహా: ఆందోళన సంగతి తర్వాత, ముందు ఆ అరమాత్ర సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 43. మాది నల్గొండ, టైలరింగ్ షాపు నడుపుతాను. పాప నీట్‌కి చదువుతోంది. తల్లికి ఆమాత్రం బెంగ లేకపోతే పిల్లల చదువు సాగదని మా అమ్మ అంటుంది. నీ టెన్షన్‌తో ఇల్లంతా పాడవుతోందని మా ఆయన అంటారు. ఇంతకీ ఆందోళన మంచిదా, చెడ్డదా? ఆర్నెల్లుగా గుండె దడ, నిద్ర లేదు. చేతులు వణికి సూదిలో దారం ఎక్కడం లేదు. ఆకలి బాగానే ఉంది కానీ ఐదు కిలోలు తగ్గాను. ఐదు నెలలుగా రాత్రిపూట మా అత్తగారి అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మందు) 0.5 మి.గ్రా. మాత్ర సగం వేసుకుంటున్నాను. వేసుకోని రోజు టెన్షన్ రెట్టింపవుతోంది.

జవాబు: ఓపీ మధ్యలో దొరికిన కాస్త టైములో రాస్తున్నానమ్మా. మీరు అడిగినదాని కన్నా, చివర్లో మామూలుగా చెప్పేసిన విషయాలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. అందుకే ముందు వాటి గురించి చెబుతాను.

బెంగ పెట్టుకున్న మనిషికి చాలాసార్లు ముద్ద దిగదు, అందుకే చిక్కిపోతారు. మీరు బాగా తింటూ కూడా ఐదు కిలోలు తగ్గారు. దానికి దడ, వేళ్ల వణుకు, నిద్రలేమి తోడైతే నేను మొదట అనుమానించేది థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేయడాన్ని. ఇంట్లో అందరికీ ఫ్యాను గాలి సరిపోతున్నా మీకు మాత్రం చెమటలు పోస్తున్నాయా? విరేచనానికి ఎక్కువసార్లు వెళ్తున్నారా? ఇవి మీరు రాయలేదు. షుగర్ పెరిగినా తింటూనే తగ్గుతారు. రక్తం తక్కువైనా దడ వస్తుంది. నెలసరిలో మార్పులొచ్చే వయసు కూడా ఇదే. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పేయడం తప్పు, రిపోర్టులన్నీ నార్మల్‌గా రావచ్చు కూడా. కానీ డాక్టర్‌కి చూపించుకుని థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఒక ఈసీజీ ఈ వారంలోనే చేయించుకోండి. రేపు పొద్దున్న లేవగానే, టీ తాగకముందే, పడుకునే ఒక నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకోండి. 100 దాటుతుంటే వారం కూడా ఆగొద్దు. ఇప్పటికే ఆర్నెల్లు ఆగారు.

ఇక ఆ అరమాత్ర. అత్తగారికి ఎవరో డాక్టర్ ఆమె వయసు, జబ్బు చూసి రాసిన మందు అది. మీకెవరూ రాయలేదు. అల్ప్రాజోలం హెచ్1 షెడ్యూల్‌లో ఉన్న మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రాసిన డాక్టర్ పేరు, పేషెంట్ పేరు షాపువాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే దీనికి శరీరం త్వరగా అలవాటు పడుతుంది. మన తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదీ ఒకటి. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, రోజూ తాగేవాళ్లు పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

వేసుకోని రోజు టెన్షన్ రెట్టింపవుతోందని రాశారు. దాన్నిబట్టి ఈ మాత్ర లేనిదే ఉండలేనని మీరు అనుకుంటున్నట్టున్నారు. అమ్మా, ఆ రెట్టింపు టెన్షన్‌లో చాలా భాగం పాప పరీక్ష గురించి కాకపోవచ్చు. మందు దిగిపోతున్నప్పుడు శరీరం చేసే గోల అది. అలాగని ఈ జవాబు చదివి ఈ రాత్రికే స్ట్రిప్ చెత్తబుట్టలో పడేయకండి. నెలల తరబడి వేసుకున్నాక హఠాత్తుగా ఆపితే వణుకు, నిద్రలేమి పెరుగుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డోసు ఎంత, ఎన్ని వారాల్లో తగ్గించాలన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా అరమాత్రను ముప్పావు చేయొద్దు. మత్తు కలిగించే జలుబు, దగ్గు మందులు దీంతో కలపొద్దు. మగతగా ఉంటే స్కూటీ తీయొద్దు. దడకని మెడికల్ షాపులో ప్రొప్రనలాల్ అడిగి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం, మీరు ఆ దారి పట్టకండి. మీరు సగం తీసుకుంటుంటే అత్తగారికి మాత్రలు సరిపోతున్నాయా? ఆమెకు అవి అందకపోయినా ఇదే ఇబ్బంది.

ఇప్పుడు మీరు అడిగింది. మీ అమ్మగారి మాటలో నిజం ఉంది. భయం వేసినప్పుడు అడ్రినలిన్ విడుదలై ఒళ్లు, బుర్ర చురుగ్గా ఉంటాయి. నీట్ అప్లికేషన్ గడువు గుర్తొచ్చి గుండె గుభేల్‌మంటే, లేచి ఆ పని పూర్తిచేశాక తగ్గిపోతుంది. ఆ భయం మేలే చేసింది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, కష్టమైన పని నేర్చుకోవడానికి కొద్దిపాటి ఒత్తిడి సాయపడుతుందని, అది బాగా పెరిగితే నేర్చుకోవడమే మందగిస్తుందని చూపించారు. అర్ధరాత్రి రెండింటికి లేచి 'సీటు రాకపోతే' అని తెల్లారేదాకా తిరగేసిన ఆలోచన వల్ల జరిగే పని ఏదీ లేదు. ఇలా చాలా విషయాల మీద, ఎక్కువ రోజులు, ఆరు నెలలు దాటి సాగుతూ నిద్రను, పనిని దెబ్బతీస్తుంటే మేం దాన్ని జబ్బుగానే చూస్తాం. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే అలవాటు పడని మందులతో తగ్గుతుంది. ఆ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మానేయకూడదు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే జనం ఏమనుకుంటారోనని ఆలోచించకండి. అడుగు బయట పెట్టడం కష్టమైతే 14416కి ఫోన్ చేయండి. మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ టెలి మానస్ నంబరు అది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనే ఆలోచన వస్తే ఏ వేళైనా చేయండి. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా 108కి చేయాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నాడి రాసుకున్న కాగితం, ఆ మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. ఐదు నెలలుగా వేసుకుంటున్నానని దాచకుండా చెప్పండి. వీలైతే మీ ఆయన్ని కూడా రమ్మనండి.