క్యారెట్ కణాలతో యాంటీబాడీ మందులు తయారవుతాయా?

మొక్క కణాలను ట్యాంకులో పెంచి యాంటీబాడీ మందులు తీయవచ్చా అని అడిగారు. తీయవచ్చు. పొగాకు మొక్కలో యాంటీబాడీ తయారవుతుందని 1989లోనే రుజువైంది. తర్వాత పొగాకు కణాల కల్చర్‌లోనూ (మొక్క లేకుండా కణాలను మాత్రమే ద్రవంలో పెంచడం) చేసి చూపించారు.

కానీ రోగి దాకా ముందు చేరింది యాంటీబాడీ కాదు, ఒక ఎంజైమ్. గాషే వ్యాధికి (ఒంట్లో ఒక ఎంజైమ్ లోపించి వచ్చే అరుదైన వంశపారంపర్య జబ్బు) ఇజ్రాయెల్ సంస్థ ప్రొటాలిక్స్ క్యారెట్ కణాల్లో తయారుచేసిన మందుకు 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పొలం లేదు, మొక్క లేదు. పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో, చక్కెర, లవణాలు కలిపిన నీళ్లలో కణాలు పెరుగుతాయి. నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది: మనుషులకు, జంతువులకు సోకే వైరస్‌లు ఈ కణాల్లో పెరగవు. ఇలాంటి మందులను మామూలుగా హామ్‌స్టర్ (ఎలుక లాంటి చిన్న జంతువు) కణాల్లో తయారుచేస్తారు. 2009లో ఆ కణాలు పెంచే ఒక ఫ్యాక్టరీలో వైరస్ చేరి ఉత్పత్తి ఆగిపోతే, గాషే జబ్బున్నవాళ్లు నెలల తరబడి మందు చాలక ఎంత టెన్షన్ పడ్డారో!

మరి యాంటీబాడీలకు అడ్డేమిటి? ముఖ్యంగా దిగుబడి. కణాలు బయటికి వదిలిన యాంటీబాడీని ఆ ద్రవంలోనే ఉన్న ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు) ముక్కలు చేసేస్తాయి. ఇంకో చిక్కు, యాంటీబాడీ లాంటి ప్రోటీన్‌కు మొక్కలు తగిలించే కొన్ని చక్కెరలు మన ఒంట్లో ఉండవు కానీ, ఆ పని చేసే జన్యువులను తీసేసిన పొగాకు కణాలు ఇప్పటికే ఉన్నాయి. దిగుబడి మాత్రం అలాగే ఉంది: హామ్‌స్టర్ కణాలు లీటరుకు కొన్ని గ్రాముల యాంటీబాడీ ఇస్తుంటే, మొక్క కణాలు చాలాసార్లు మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతున్నాయి.