మీ ఇష్టం అన్నారంటే ఒప్పుకున్నట్టు కాదండీ

ముందు ఉత్తరం సంగతి రెండు ముక్కల్లో. విజయవాడ భవానీపురం నుంచి 41 ఏళ్ల ఆయన రాశారు. భార్య స్కూల్లో టీచర్, అమ్మాయికి పదకొండేళ్లు, బాబుకి ఆరు, మోకాళ్ల నొప్పులతో ఉన్న వాళ్లమ్మగారు కూడా వీళ్ల దగ్గరే. 2021లో షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్తే సైకిల్ కొన్నారు, సిగరెట్ మానేశారు, బాగా బరువు తగ్గారు, అలా అలా బీఆర్ఎంల దాకా, అంటే ఇచ్చిన టైమ్‌లోపు పూర్తిచేయాల్సిన దూరప్రయాణపు సైకిల్ రైడ్‌ల దాకా వచ్చారు. 200 కిలోమీటర్లది రెండుసార్లు, 300ది ఒకసారి అయిపోయింది, ఈ సీజన్‌లో 400, 600 కూడా పూర్తిచేసి ఎస్ఆర్, అంటే సూపర్ రాండోనర్ అనే టైటిల్ అనిపించుకోవాలని ఉంది. "మా ఆవిడ ఎప్పుడూ వద్దనలేదు మేడమ్, ఎప్పుడడిగినా మీ ఇష్టం అంటుంది, కానీ ఈమధ్య ఇంట్లో మాటలే తగ్గిపోయాయి, వారానికి ఎన్ని గంటలైతే తప్పు కాదో చెప్పండి" అని అడిగారు.

గంటల లెక్క అడిగారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం అండీ. వారానికి పది గంటలు తొక్కుతున్నానని రాశారు. మంగళ, గురు, శుక్రవారాలు తెల్లారుజామున ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి వైపు, ఆదివారం బ్యారేజీ మీదుగా కరకట్ట పట్టుకుని అమరావతి, అక్కడ్నుంచి గుంటూరు, మళ్లీ మంగళగిరి మీదుగా ఇల్లు, అంటే నూరు కిలోమీటర్ల పైమాటే. మీ లెక్క సైకిల్ స్టాండు వేయగానే ఆగిపోతోంది. మీ ఆవిడ లెక్క అక్కడ ఆగదు కదా. పదిన్నరకి వచ్చి, స్నానం చేసి, తినేసి, పడుకుంటే నాలుగింటికి లేస్తారు, తెల్లారి నాలుగున్నరకి లేవాలని రాత్రి తొమ్మిదికే లైటు ఆర్పేస్తారు, ఆ గంటలన్నీ ఎవరి ఖాతాలో వేస్తారు చెప్పండి. ఇంట్లో ఉన్నారు గానీ మీరు అందుబాటులో లేరు. నా లెక్కలో అది పది కాదండీ, ఇరవై దాటుతుంది.

ఇంకో మాట, ఆదివారం మీకు ఎంత సెలవో ఆవిడకీ అంతే సెలవు. ఆరు రోజులు స్కూల్లో నిలబడి పాఠం చెప్పొచ్చిన మనిషికి ఆ పొద్దున పిల్లలకి తలంట్లు, ఇడ్లీ పిండి, అత్తగారి కాళ్లకి కాపడం, మధ్యలో దిద్దాల్సిన పేపర్లు.

మీ అమ్మాయి డాన్స్ ప్రోగ్రాం సంగతి ఉత్తరం చివర్లో ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు. 300 పూర్తయిన మర్నాడు సాయంత్రం, పిల్ల గజ్జెలు కట్టుకుని స్టేజి మీదకొచ్చేసరికి మీరు కుర్చీలో తల వాల్చేసి నిద్రపోయారు, మీ ఆవిడ తన ఫోన్‌తో పాటు మీ చేతిలో ఫోన్ కూడా తీసుకుని రెండు చేతులతో వీడియో తీసింది, ఇంటికొచ్చాక మీకు చూపించి "పర్లేదులే, అలిసిపోయారు" అంది. నేను ఆ లైన్ దగ్గర చాలాసేపు ఆగిపోయానండీ. మీకు చూపిద్దామని తీసింది అంటే ఆవిడ మీ మీద ఇంకా ఆశ వదులుకోలేదు. కానీ ఆ పర్లేదులే, ఆ మీ ఇష్టం, రెండూ మన ఇళ్లల్లో ఆడవాళ్లు చెప్పి చెప్పి ఇంక చెప్పలేక అనే మాటలు. వాటిని పర్మిషన్ అనుకుని రిజిస్ట్రేషన్ కట్టేయకండి.

సైకిల్ మానేయమని మాత్రం నేను చెప్పను. నలభై దాటిన మగవాళ్లు షుగరు, బీపీ తెచ్చుకుని నా ముందు కూర్చోవడం రోజూ చూస్తున్నదాన్ని, మీరు సిగరెట్ మానేశారంటే ఆ ఇంటికి ఎంత మేలో నాకు తెలుసు. కాకపోతే 400, 600 అనేవి ఆరోగ్యం కోసం తొక్కేవి కాదు, అది మీ ఇష్టం, మీ పట్టుదల, దాన్ని దాని పేరుతోనే పిలిచి ఇంట్లో అడగండి. ఆరోగ్యం కోసమే కదా అని అడ్డం పెట్టుకుంటే అవతలి మనిషికి కాదనడానికి దారే ఉండదు.

400కి 27 గంటలు టైమ్. శనివారం పొద్దున ఆరింటికి మొదలైతే ఆదివారం తొమ్మిది దాకా. 600 అయితే 40 గంటలు, ఆదివారం రాత్రి పది అవుతుంది, సోమవారం ఆఫీసు. ముందురోజు బ్యాగ్ సర్దడం, తర్వాతరోజు నిద్ర కలిపితే ఒక్కోటి మూడు నాలుగు రోజులు ఇంటినుంచి తీసేస్తుంది. ఎస్ఆర్ కావాలంటే 200, 300, 400, 600 నాలుగూ ఒకే సీజన్‌లో, నవంబర్ నుంచి అక్టోబర్ లోపు అవ్వాలి, మన ఎండలకి మార్చి తర్వాత అంతంత దూరాలు కష్టం కాబట్టి అన్నీ చలికాలంలోనే పడతాయి. సరిగ్గా అప్పుడే కార్తీక మాసం, సంక్రాంతి, పుట్టింటి ప్రయాణాలు. అందుకే నా సలహా ఏంటంటే ఈ సీజన్‌కి 600 వదిలేయండి. అవును, టైటిల్ రాదు. పోతే పోనివ్వండి, బీఆర్ఎంలో ర్యాంకులు లేవు, ప్రైజులు లేవు, వచ్చే ఏడాది కూడా అదే రోడ్డు, అదే టైమ్ లిమిట్, మీ బాబుకి ఆరేళ్లు మాత్రం మళ్లీ రావు. 400 సంగతి ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

ఎలా కూర్చోవాలంటే, వంటింట్లో గోడకి వేలాడే క్యాలెండర్ దించి పెన్ను ఆవిడ చేతికి ఇవ్వండి. ముందు ఆవిడవి రాయనివ్వండి, స్కూల్ పరీక్షలు, పుట్టింటికి వెళ్లే రోజులు, అమ్మ డాక్టర్ అపాయింట్‌మెంట్, పిల్లల ప్రోగ్రాంలు. మిగిలిన ఖాళీ ఆదివారాల్లో నెలకి రెండు లాంగ్ రైడ్‌లు అడగండి, మిగతా రెండు ఆదివారాలు ఇంట్లోనే. రైడ్ ఉన్న రోజు కూడా మధ్యాహ్నం ఒక గంట కునుకు చాలు, లేచి పిల్లల్ని మీరే చూసుకోవాలి. అది చేతకావట్లేదంటే దూరం తగ్గించుకోవాలన్నమాట. ఏప్రిల్, మే నెలల్లో ఎలాగూ పెద్దగా తొక్కరు, వేసవి సెలవులు పూర్తిగా వాళ్లవి అని కూడా ఆ క్యాలెండర్ మీదే రాసేయండి.

ఆవిడకి కూడా ఒక సైకిల్ కొనిపెడితే కలిసి వెళ్తాం కదా అని అడిగారు. వద్దండీ, ఆవిడ నోటితో అడిగితే తప్ప వద్దు. ఆదివారం పొద్దున ఎవరూ పిలవని రెండు గంటలు ఇచ్చి చూడండి, పడుకుంటుందో, స్నేహితురాలి ఇంటికెళ్తుందో ఆవిడ చూసుకుంటుంది.

భయం గురించి ఒక్క మాట. రాత్రంతా హైవే మీద లారీల పక్కన మీరు తొక్కుతుంటే ఆవిడ నిద్రపోతుందని అనుకోకండి. లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ రూల్ ప్రకారం ఎలాగూ ఉంటాయి, దాంతోపాటు దారిలో మీ టైమ్ నమోదు చేసే ప్రతి కంట్రోల్ దగ్గర ఒక ఫోన్ చేయండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకి ఆగిపోతుంది, మళ్లీ పెట్టడం మర్చిపోతే ఇంట్లో మనిషి గుండె జారిపోతుంది, అలారం పెట్టుకోండి. నిద్ర ముంచుకొస్తే ఆగి పడుకోండి, టైమ్ అవుట్ అయినా సరే.

సైకిల్ 95 వేలకి కొని ఇంట్లో 60 అని చెప్పానన్నారు. క్యాలెండర్ కంటే ముందు ఆ సంగతి చెప్పేయండి. తిడుతుంది, పడండి.

ఈ ఆదివారం అమరావతి వైపు వెళ్లకండి. బాబుకి తలంటు మీరే పోయండి, కుంకుడు రసం కళ్లల్లో పడకుండా నుదుటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టాలి, తెలియకపోతే అమ్మని అడగండి. మంగళవారం పొద్దున మామూలుగా కొండపల్లి వైపు వెళ్లి రండి. నెల తర్వాత ఇంట్లో ఎలా ఉందో మళ్లీ రాయండి, వీలైతే ఆవిడని కూడా ఒక పేజీ రాయమనండి, మీరు చదవకుండా పంపించండి.