అమ్మలూ, ఆనందానికి మార్కులేంటే!

అమ్మలూ,

ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టావని, ఇకనైనా ‘ఈ క్షణంలో బతకడం’ నేర్చుకుంటానన్నావని అక్క చెప్పింది. గర్వంగానే ఉంది, మాలో ఎవరికీ అంత ధైర్యం లేకపోయింది. కానీ రోజూ పొద్దునా రాత్రీ ‘ఎంత సంతోషంగా ఉన్నాను’ అని పదికి ఇన్ని మార్కులని ఫోన్‌లో రాసుకుంటావట, అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

వేళకి పడుకో, నడువు, చేతినిండా పని పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

నా బెంగ నీ పాత తప్పు గురించి. చిన్నప్పుడు నేల మీద బోర్లా పడుకుని, నాలుక కొస బయటపెట్టి, గీత దాటకుండా రంగు నింపుతుంటే పక్కన పిడుగు పడ్డా నీకు వినపడేది కాదు. ఎప్పుడైతే పోటీలో బహుమతి వచ్చిందో, అప్పటి నుంచి సగం బొమ్మ వేసి లేచొచ్చి ‘పిన్నీ, ఇది దానికన్నా బాగుందా’ అని ప్రాణం తీసేదానివి. కొన్నాళ్లకి బొమ్మలే మానేశావు. పరీక్ష ఫలితాలొచ్చి ఇంటిల్లిపాదీ సంబరపడుతున్న సాయంత్రం, వచ్చే ఏడు ఇన్ని రావేమోనని మూల కూర్చుని ఏడ్చావు చూడు, అదీ ఈ జబ్బే. ఇప్పుడు ఏకంగా సంతోషానికే పరీక్ష పెడుతున్నావు.

ఐరిస్ మాస్ అనే సైకాలజిస్టు బృందం 2011లో తేల్చింది ఇదే. సంతోషంగా ఉండి తీరాలని పట్టుబట్టినవాళ్లు, హాయిగా నవ్వుకోవాల్సిన చోట కూడా ‘ఇంతేనా’ అని తమ మీద తామే నిరాశపడ్డారట. మనసు ఎటో తిరుగుతుంటే సుఖం ఉండదన్న మాట నిజమే. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు జనాన్ని ఫోన్లలో ప్రశ్నలడిగి చూస్తే, దాదాపు 47 శాతం సార్లు వాళ్ల ధ్యాస చేస్తున్న పని మీద లేదు. మరి ‘నేనిప్పుడు సంతోషంగా ఉన్నానా’ అని తవ్వుకోవడం మాత్రం ధ్యాస తప్పడం కాదూ?

దిగులేసిన రోజు రెండు మార్కులు వేసుకుని, ఇందులో కూడా ఫెయిలయ్యానని కుమిలిపోతావని నా భయం, తల్లీ. ఏడుపొస్తే ఏడువు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

ఇంకోటి, ఏకాంతమంటూ ఫోన్ ఆపేస్తే ఊరుకునేది లేదు. 1938లో మొదలైన హార్వర్డ్ అధ్యయనం దశాబ్దాల తరబడి మనుషుల జీవితాలు గమనించి, దగ్గరివాళ్లతో బంధమే పెద్ద బలమని చెప్పింది, నా సొంత కవిత్వం కాదు. ఆదివారం చేస్తాను, తియ్. ఎలా ఉన్నావని అడగనులే, ఏం చేస్తున్నావో చెప్పు.

మీ పిన్ని