పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అందరూ తలూపుతారు, దోమతెర మాత్రం అటక దిగదు

ప్రశ్న: మేడమ్, నేను చంద్రగిరి దగ్గర ఒక ఊర్లో అంగన్వాడీ టీచర్ని. మలేరియా గురించి గర్భిణీలకి, చంటిపిల్లల తల్లులకి మీటింగులు పెట్టి చెప్తానే ఉన్నాం, కరపత్రాలు కూడా ఇచ్చినాం, అందరూ తలూపుతారు, ఇంటికి పోయి చూస్తే దోమతెర అటక మీదే ఉంటుంది. మా అబ్బాయేమో రీల్స్ చెయ్యమ్మా అంటాడు. రేడియో, వాట్సాప్, రీల్స్ వీటితో నిజంగా ఉపయోగం ఉంటుందా, ఉంటే ఎట్ల చెయ్యాల?

జవాబు: ఉంటుందమ్మా, కాకపోతే ఏ టైముకి చెప్తున్నాం అన్నది చూసుకోవాల. మలేరియా దోమ పొద్దు గుంకినప్పట్నుంచి తెల్లారేదాకా కుడుతుంది, పగలు కుట్టేది డెంగీ దోమ. మీరు పొద్దున పదకొండుకి మీటింగులో చెప్పిన మాట రాత్రి బిడ్డ ఏడుస్తా ఉంటే, పొయ్యి మీద అన్నం ఉడుకుతా ఉంటే ఏ తల్లికి గుర్తుంటుంది చెప్పండి. ఆఫ్రికాలో కామెరూన్ దేశంలో ఈ కిటుకు పట్టుకున్నారు, రాత్రి 9 కొట్టగానే రేడియోలో, టీవీలో, ఫోన్ మెసేజీల్లో జనానికి బాగా తెలిసిన పాటగాళ్ళూ ఆటగాళ్ళూ "తొమ్మిదయింది, మీరూ మీ పిల్లలూ దోమతెరలో పడుకున్నారా" అని అడిగేవాళ్ళు. దోమ జీవితచరిత్ర చెప్పలేదు, ఆ గంటలో చెయ్యాల్సిన ఒక్క పనే చెప్పినారు.

మీరూ అదే చెయ్యొచ్చు. మీ తల్లుల గ్రూపులో రాత్రి ఎనిమిదిన్నరకి ఇరవై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టండి, మీ గొంతుతోనే, వాళ్ళ పేర్లు పెట్టి పిలవండి. టైపు చేసి పెడితే అవ్వలు చదవలేరు, వాయిస్ అయితే ఇంట్లో అందరికీ వినపడుతుంది, నాకైతే అదే ముఖ్యం అనిపిస్తుంది ఎందుకంటే తెర కొనాలన్నా కట్టాలన్నా చాలా ఇళ్ళల్లో మాట అత్తదో మొగుడిదో అయ్యుంటుంది. అందుకే వారానికొక మెసేజ్ వాళ్ళకే పెట్టండి: కడుపుతో ఉన్న పిల్లకి మలేరియా వస్తే ఆ క్రిములు మాయలో చేరి బిడ్డకి అందాల్సిన తిండికి అడ్డం పడతాయి, తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు, కడుపు పోవచ్చు కూడా. ఇది విన్న నాయినమ్మ తెర తనే దింపుతుంది.

మన చిత్తూరు, తిరుపతి వైపు అల్లూరి, మన్యం ఏజెన్సీలో ఉన్నంత మలేరియా లేదు నిజమే, దానివల్లనే జనం లైట్ తీసుకుంటారు. కానీ మనకి చాలాచోట్ల దొరకని మీడియా ఒకటుంది, అదే భారతం! ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి కాడ పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఊరంతా చాపలేసుకోని తెల్లారిందాకా అక్కడే, చంటిబిడ్డలు ఒళ్ళో నిద్రపోతా ఉంటారు, దోమలు కూడా అక్కడే. హరికథ చెప్పే ఆయన్ని ముందురోజే కలిసి మధ్యలో రెండు మాటలు చెప్పమనండి, బిడ్డకి కాళ్ళు చేతులు కప్పే బట్టలు వెయ్యమని, పడుకోబెట్టిన చోట చిన్న తెర వెయ్యమని. ఆయన మాట మన మాట కంటే వందరెట్లు పోతుంది.

నీళ్ళ సంగతి మాత్రం పొద్దున చెత్తబండి మైకులో చెప్పిస్తేనే మేలు, అప్పుడే కదా తొట్లు, డ్రమ్ములు కళ్ళముందుంటాయి. వారానికోసారి వంచి తోమి ఆరబెట్టమనాల, మిద్దె మీద ట్యాంకుకి మూత వెయ్యమనాల. మలేరియా దోమకి మంచినీళ్ళే ఇష్టం, మురిక్కాలవ ఒక్కటే చూసుకుంటే చాలదు.

రీల్స్ కూడా చెయ్యనీండి అబ్బాయిని, కానీ డాన్సులొద్దు. ఒంటిగది ఇంట్లో, కొక్కేల్లేని గోడకి తెర ఎట్ల కట్టాలో చూపించమనండి: ఒక మూల కిటికీ ఊచకి, ఒకటి బట్టల దండేనికి, మిగతా రెండూ గోడకి మేకులు కొట్టి, అంచులు చాప కిందికి దోపి. చాలామందికి తెలియంది అదే. జొరమొచ్చిన బిడ్డ మొహం మాత్రం వీడియోలో పెట్టొద్దు.

ప్రశ్న: తిరుపతిలో ఆటో నడుపుతాను. నా భార్యకి ఐదో నెల, రెండు రోజులుగా చలిజొరం. వాట్సాప్‌లో బొప్పాయి ఆకు రసం తాగమని వచ్చింది, అమ్మేమో పోయినేడాది మలేరియా మాత్రలు మిగిలినాయి వేద్దామంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దు నాయనా. ఆ రసం డెంగీలో ప్లేట్‌లెట్ల కోసమని తిరిగే మెసేజ్, మలేరియా క్రిమిని అది చంపదు. మిగిలిన మాత్రలు అసలు ముట్టుకోవద్దు, ప్రైమాక్విన్ లాంటివి కడుపుతో ఉన్నోళ్ళకి ఇవ్వకూడదు. కడుపుతో ఉన్నప్పుడు జొరమొస్తే ఆ రోజే రక్తపరీక్ష చెయ్యాల, పీహెచ్‌సీలో ఫ్రీగానే చేస్తారు, ఆశా కార్యకర్త దగ్గర కూడా కిట్ ఉంటుంది. ఎన్నో నెలో డాక్టరుకి చెప్పండి, ఇచ్చిన మాత్రలు జొరం తగ్గినా మధ్యలో ఆపొద్దు. కళ్ళు పచ్చబడినా, మూత్రం నల్లగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా, మగతగా ఉన్నా, ఆయాసం వచ్చినా పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెంటనే పోండి, 108కి ఫోన్ చెయ్యండి. ఇది చదివినాక ఆలస్యం చెయ్యకుండా ఇప్పుడే బయల్దేరండి.